చాట చప్పుడూ, తెల్ల రెసిస్టెన్సూ

మొన్న ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. వెనక తాడుతో కట్టిన స్పీకరు డబ్బా, దాన్ని కావలించుకుని కూర్చున్న ఒక ముసలాయన. డ్రైవరు ఆపకుండా హారను కొడుతుంటే నిద్ర చెడిన కోపంతో తిట్టడానికే బయటికి వచ్చాను. రిటైరై ఇన్నేళ్లయినా నా గొంతులోంచి బడి ఇంకా పోలేదు. ముసలాయన దిగి, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి, "టీచరమ్మా, నన్ను మర్చిపోయినవా? వేములఘాట్ మల్లయ్యను. భజన కోసం మీ బాపు దగ్గర డబ్బలు చేపిచ్చుకున్నం గదా" అన్నాడు. వేములఘాట్ ఇప్పుడు రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. ఆ ఊరి మనుషులు గజ్వేల్ పక్కన కాలనీలో ఉంటున్నారు. అయినా ఎవరడిగినా ముందు ఊరి పేరే చెప్తారు. కోపం మింగి లోపలికి రమ్మన్నాను, కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాను.

డబ్బా మా బాపు, అంటే మా నాన్న, చేసిందే. అడుగున ఆయన బ్రష్షుతో రాసిన దుకాణం పేరు సగం చెరిగిపోయి ఉంది. పైభాగంలో ట్వీటరు ఉండే చోట, అంటే సన్నటి చప్పుళ్లన్నీ పలికే చిన్న స్పీకరు ఉండే చోట, పాత బొంత ముక్కను మడతలు పెట్టి చుట్టూ మొలలు కొట్టి ఉంది. "ఇదేంది మల్లయ్యా?" అని అడిగాను. ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "అది కోస్తది టీచరమ్మా. తాళం కొట్టినా, చిరుతలు ఆడిచ్చినా చెవుల సూది గుచ్చినట్టే. మీ బాపు మాట కాదనలేక గుడ్డ కొట్టుకున్నం. ఊరిడిసి వచ్చేటప్పుడు గూడ గుడ్డతోటే తెచ్చుకున్నం. ఇప్పుడు కాలనీల కొత్త గుడి కట్టిన్రు. దుకాణంల చూపెడితే దీంట్ల రెసిస్టెన్సే లేదన్నరు. మీ బాపు చేసినదాంట్ల లేకుంట ఎట్లుంటది?" అన్నాడు.

వెనక చెక్క విప్పి చూశాను. దుకాణం వాళ్లు చెప్పింది నిజమే. తెల్లటి సిమెంటు రెసిస్టెన్సులు రెండు ఉండాల్సిన చోట ఒక రాగి తీగ ముక్క నేరుగా అతికి ఉంది. బాపు అతుకు ఎక్కడున్నా గుర్తుపడతాను. మెరుస్తూ, కందిగింజంత, ఎక్కడా కారకుండా ఉంటుంది. అంత శుభ్రంగా, అంత నమ్మకంగా ఆయన ఆ తప్పు పని చేసి పెట్టాడు. నాకు మొదట కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆ తర్వాత మల్లయ్య ముందే ఏడ్చాను. పాపం ఆయన ఖరాబైన డబ్బా కోసం ఏడుస్తున్నాననుకుని, "పోనీ తియ్యమ్మా, కొత్తది కొనుక్కుంటం" అని సముదాయించాడు. బజారు నుంచి రెసిస్టెన్సులు తెప్పించి, వాటిని పెట్టి, బొంత ముక్క పీకేసి, సాయంత్రానికి ఆయన్ని పంపించాను. అప్పటినుంచి మా పాత ఇల్లు నన్ను వదలడం లేదు.

సిద్దిపేటలో బస్టాండు వెనక గల్లీలో ఉండేవాళ్లం. ముందుగది దుకాణం, నడిమి గది బతుకు, వెనక వంట. ఆ ఇంటికి రెండు వాసనలు. సోల్డరు పొగ వాసన ఒకటి, పోపు వాసన ఒకటి. రెండూ నడిమి గదిలో కలిసి మా బట్టల్లో, పుస్తకాల్లో, తలవెంట్రుకల్లో ఉండేవి. బాపు మొదట్లో పెళ్లిళ్లకూ జాతరలకూ మైకుసెట్టు కిరాయికి ఇచ్చేవాడు. మిరుదొడ్డి, మద్దూరు దాకా పోయి చెట్లకు గరాటు హారన్లు కట్టి, జాగ లేకపోతే ఆ హారను కిందే చాప పరుచుకుని కూర్చునేవాడు. తర్వాత ఆ తిరుగుడు మానేసి ఇంట్లోనే స్పీకరు డబ్బాలు చేయడం మొదలుపెట్టాడు. చెక్క కోయడం, బంక పెట్టడం, వైరింగు, అన్నీ ఆయనే. ఆయన వింటున్నప్పుడు ఇంట్లో గిన్నె మీద మూత పెట్టాలన్నా అవ్వ, అంటే మా అమ్మ, చీరకొంగు అడ్డం పెట్టి పెట్టేది. పొరపాటున గంటె జారి పడిందా, "ఏమే, ఇల్లు కూలిందా?" అని ముందుగది నుంచి కేక. పక్కింటి బోరు మోటరు గాలి పీలుస్తుంటే మా ఇంట్లో అన్నం తింటూ చెప్పేవాడు. చేతిలో ముద్ద ఆపి, "ఆయినెకు చెప్పుండ్రి, మోటరు కాలిపోతది" అనేవాడు. వాళ్లు పోయి చూస్తే నిజంగానే నీళ్లు ఉండేవి కావు.

ఆయన పని నాకు బాగా తెలుసు. సోల్డరు తీగ పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని నేనే. డబ్బాలో రెండు స్పీకర్లుంటాయి. పెద్దదాన్ని ఊఫరు అంటారు, అది మొద్దు. ట్వీటరు గయ్యాళి. ఇద్దరికీ ఒకే కరెంటు ఇస్తే గయ్యాళిదే పైచేయి. అందుకని ట్వీటరుకు పోయే దారిలో ఒక రెసిస్టెన్సు అడ్డం పెట్టి దాని నోరు తగ్గిస్తారు. ఆ ఒక్కటే పెడితే నోరు తగ్గుతుంది గానీ, ఏ చప్పుడు ఎవరికి పోవాలో పంచిపెట్టే క్రాసోవరు లెక్క తప్పుతుంది. ఆ లెక్క నిలవడానికి ట్వీటరు రెండు కాళ్ల మధ్య ఇంకొకటి పెట్టాలి. "ఆపిన చప్పుడు యాడికి పోతది బాపూ?" అని అడిగితే, ఆడుతున్న డబ్బాలో నా వేలు పెట్టించి ఆ తెల్ల రెసిస్టెన్సును ముట్టించేవాడు. చురుక్కుమనేది. "గిండ్లకే పోతది. వేడయి పోతది. ఒకరి నోరు తగ్గాల్నంటే ఇంకొకరు కాలాలె బిడ్డా" అనేవాడు. అని, "మీ అవ్వ నోటికి గూడ ఒకటి పెట్టాలె" అని నవ్వేవాడు. అవ్వ వంటింట్లోంచి, "నీ నోటికి రెండు పెట్టాలె" అనేది. నిజానికి ఆ ఇంట్లో నోరున్న మనిషి ఆయనే.

ఎంత తగ్గించాలన్నది ఎట్లా తేల్చాలి? ఇప్పుడైతే ఫోనులో గీతలు గీసి చూపిస్తున్నారు. బాపు దగ్గర ఉన్నది అవ్వ చాట. వెదురు చాటలో బియ్యం చెరిగితే వచ్చే సరసర చప్పుడు ట్వీటరుకు గట్టి పరీక్ష అని ఆయన ఎట్లానో కనిపెట్టాడు. మంచి మైకు పెట్టి అవ్వ చెరుగుతుంటే క్యాసెట్టులోకి ఎక్కించుకున్నాడు. కొత్త డబ్బా తయారైన రోజు నడిమి గదిలో దండెం మీద పూలదుప్పటి వేసేవాడు. దుప్పటి వెనక ఒక పక్క డబ్బా, ఇంకో పక్క చాటతో అవ్వ. ముందర బాపూ, డబ్బా చేయించుకున్నవాళ్లూ. నేను వెనక ఉండి ఒకసారి క్యాసెట్టు వేసేదాన్ని, ఒకసారి అవ్వకు సైగ చేసేదాన్ని. ఏది చాటో ఏది డబ్బానో ముందరివాళ్లు చెప్పాలి. సులువుగా చెప్పేశారంటే రెసిస్టెన్సు ఇంకా కుదరలేదన్నట్టు. బాపు లేచి, క్లిప్పులతో పట్టించిన రెసిస్టెన్సు తీసి ఇంకో నంబరు పెట్టేవాడు. చివరికి ముందరివాళ్లలో సగంమంది చాట అనీ సగంమంది డబ్బా అనీ కొట్లాడుకునే దశ వచ్చేది. అప్పుడు బాపు తొడ చరిచి, "ఇగ ఖాయం" అని సోల్డరు వేడి పెట్టేవాడు. చెరిగిన బియ్యంతో అవ్వ ఆ పూట అన్నం వండేది. డబ్బా తీసుకుపోయేవాళ్లు మా ఇంట్లో తినిపోయేవాళ్లు. ఆ రోజుల్లో మేం ఎంత సంతోషంగా ఉన్నామో చెబితే మా మనవరాళ్లు నమ్మరు.

చెడు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియలేదు. ట్వీటర్లు కల్తీ వస్తున్నాయని బాపు తిట్టడం మొదలుపెట్టాడు. హైదరాబాదు నుంచి తెచ్చినవాటిని తిరిగి పంపించేవాడు, వాటికి బదులు వచ్చినవాటినీ తిట్టేవాడు. తర్వాత రెసిస్టెన్సు నంబరు తగ్గిస్తూ పోయాడు. తర్వాత అవ్వ మీద పడ్డాడు. "చేతుల్ల సత్తువ లేదా, మంచిగ చెరుగరాదు?" అని దుప్పటి అవతలి నుంచి విసుక్కునేవాడు. ఆమె చేతులు నొప్పి పుట్టేలా చెరిగేది. ఒకరోజు చాటలో రాయి కనపడితే ఏరడానికి ఆగింది. క్యాసెట్టు కూడా ఆగే ఉంది. గదిలో చీమ చిటుక్కుమనడం లేదు. అవతలి నుంచి బాపు, "గిట్ల! గిట్లనే చెరుగు, గిప్పుడు మంచిగున్నది" అన్నాడు. అవ్వ నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, "మీ బాపుకు చాట ఇనవడ్తలేదే" అంది. మాటలు వింటున్నాడు, కేకలు వింటున్నాడు, ఊఫరు వింటున్నాడు. సన్నటి చప్పుడు ఒక్కటే పోయింది. ఏళ్ల తరబడి హారన్ల కింద కూర్చున్న చెవులు మరి. చెప్పేద్దామన్నాను. డాక్టరుకు చూపిద్దామన్నాను. అవ్వ కట్టెపుల్ల ఎత్తి, "నోరు ముయ్యి" అంది. "ఆయినె చెవుల మీదనే బతుకుతుండు. నీకు చెవుల్లెవ్వని ఎట్ల చెప్తవే? చెప్తె రేపు పొద్దుగాల లేసి ఏం చేస్తడు?" ఆమె ఏడవలేదు, నాకే ఏడుపొచ్చింది. చెప్పకూడదని ఆ రోజు పొయ్యి ముందే తీర్పైపోయింది. అవ్వ తీర్పుకు మా ఇంట్లో అప్పీలు లేదు. ఆయన నోరు పెద్దది, కానీ మాట ఆమెది.

వేములఘాట్ వాళ్లు డబ్బాలు తిరిగి తెచ్చింది ఆ తర్వాతే. ఎడ్లబండి మీద తెచ్చారు. భజనలో తాళం పడితే పిల్లలు చెవులు మూసుకుంటున్నారనీ, ముసలివాళ్లు లేచిపోతున్నారనీ అన్నారు. బాపు ముఖం ఎర్రబడింది. "మీ చెవుల్ల గుబిలి ఉన్నది, తీపిచ్చుకోన్రి" అన్నాడు. మల్లయ్య అప్పుడు పడుచువాడు, వెనక్కి తగ్గలేదు. "మా అందరి చెవుల్లనా మామా?" అన్నాడు. బాపు లేచి దుప్పటి వేశాడు. "ఇయ్యాల మీరెవ్వరు చెప్పొద్దు. నేను కండ్లు మూసుకుని కూసుంట. ఏది చాటో ఏది డబ్బో నేను చెప్త. ఒక్కటి తప్పినా డబ్బలు వాపస్ తీసుకుంట" అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టుకోవాలనిపిస్తుంది. పరీక్ష పెట్టాల్సింది డబ్బాకు కదా! అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కడికీ తట్టలేదు. అందరూ ఆయన చెవికి పరీక్ష పెట్టి చూస్తూ కూర్చున్నారు.

దుప్పటి వెనక అవ్వ చాటలో బియ్యం పోసుకుని కూర్చుంది. నేను క్యాసెట్టు వేశాను. డబ్బా ఇనుము గీరినట్టు కీచుమంది, మల్లయ్య పళ్లు గిట్టకరుచుకోవడం దుప్పటి సందులోంచి కనబడింది. "గిది డబ్బ" అన్నాడు బాపు. అవ్వకు సైగ చేశాను. ఆమె చాట ఎత్తి చెరిగింది, చెరిగి చాట అంచును నేలకేసి దబ్బున కొట్టింది. అట్లా కొట్టడం చెరిగే ఎవరికైనా అలవాటే, ఎవరూ అనుమానపడరు. "గిది చాట" అన్నాడు బాపు. మళ్లీ వేశాను, మళ్లీ చెప్పాడు. ఎన్నిసార్లు మార్చి మార్చి వేసినా ఒక్కటీ తప్పలేదు. చెరిగిన ప్రతిసారీ అవ్వ దబ్బున కొట్టింది, ఆ మొద్దు చప్పుడు ఆయనకు చక్కగా చేరింది. ఆయన మోసం చేయలేదు, ఒట్టు. తాను చాటనే వింటున్నానని నమ్మాడు. పరీక్ష అయ్యాక వేములఘాట్ వాళ్లు దండం పెట్టారు. "మావే ఖరాబు చెవులు మామా" అని మల్లయ్య ఒప్పుకున్నాడు. డబ్బాలు బండి మీద ఎక్కించుకుని పోయారు. బాపు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. అవ్వ తినలేదు.

గెలిచినవాడిని ఎవరు ఆపగలరు? వేములఘాట్ డబ్బాల్లోలాగే ఆ రోజు నుంచి బాపు ఏ డబ్బాలోనూ రెసిస్టెన్సు పెట్టలేదు. నేరుగా తీగే. ట్వీటరు నోరు నొక్కడం పిరికివాళ్ల పని అనేవాడు. డబ్బాలు తిరిగి వచ్చేవి. తెచ్చినవాళ్లను తిట్టేవాడు, వాళ్లు మళ్లీ కనపడేవాళ్లు కాదు. చర్చి వాళ్లు పోయారు, పెళ్లిళ్లవాళ్లు పోయారు, చివరికి గల్లీవాళ్లు కూడా వేరే దగ్గరికి పోయారు. దుకాణంలో చెక్కపొట్టు వాసన పోయి దుమ్ము వాసన మిగిలింది. నాకు మిరుదొడ్డి బడిలో పని దొరికి అక్కడే కిరాయికి ఉండి ఆదివారాలు వచ్చేదాన్ని. వచ్చినప్పుడల్లా అవ్వ అదే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ కనపడేది. తునికాకు, తంబాకు ఘాటు, తలుపులు మూసిన గది. గాలికి తంబాకు ఎగురుతుందని తలుపు తెరవనిచ్చేది కాదు. "పొద్దు పోతలేదని చేస్తుంది" అనేవాడు బాపు. పొయ్యి దేనితో వెలుగుతోందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇప్పుడు మా వీధిలో ఏ ఊరేగింపు పోయినా డీజే డబ్బాలకు కిటికీ అద్దాలు గలగలమంటాయి. బయటికి పోయి అరుస్తాను. "ఏంది మేడం, పండుగ గదా" అంటారు. ఎదురుపడ్డ ప్రతి పిల్లవాడి చెవుల్లో బిరడాల్లాంటి ఇయర్‌ఫోన్లే. బియ్యం రాళ్లు లేకుండా సంచుల్లో వస్తోంది, చెరిగే పనే లేదు. మా కోడలికి చాట పట్టుకోవడం రాదు, రావాల్సిన అవసరమూ లేదు. చెవులకు మంచి పరీక్షలు వచ్చాయి, మిషన్లు వచ్చాయి, చెప్పడానికి ఎవరూ సిగ్గుపడటం లేదు. ఆ రోజులే మంచివని నాతో అనిపించాలని కొందరు చూస్తారు. నేను అనను. ఆ రోజుల్లో ఒకరినొకరం కాపాడుకోవడం అంటే ఒకరికొకరం చెప్పకుండా ఉండటమే అనుకున్నాం. అవ్వను తలుచుకుంటే నాకు ప్రేమెంతో కోపమూ అంతే. ఇంత వయసొచ్చినా తగ్గలేదు.

అవ్వను పెద్ద దవాఖానకు తీసుకుపోయింది ఒక పొద్దున. మళ్లీ ఇంటికి తెచ్చుకోలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మెట్లు ఎక్కలేక ఆయాసపడుతుంటే బాపు చేయి పట్టుకుని ఎక్కించాడు. మంచం మీద పడుకోబెట్టాక డాక్టరు వచ్చాడు, వస్తూనే మొహం చిట్లించి, "ఈ పిల్లికూతలు ఎప్పటినుంచి ఉన్నాయి?" అని బాపును అడిగాడు. "పిల్లికూతలా? అసొంటివేం లెవ్వు సార్" అన్నాడు బాపు. "రోజు పక్కపొంటె పండుకుంట నేను. నాకు తెల్వదా? నడిస్తెనే జర దమ్మొస్తది, అంతే." డాక్టరు నా వైపు చూశాడు. అవ్వ ఛాతీలోంచి సన్నటి ఈల లోపలికీ బయటికీ పోతూ ఉంది, గుమ్మం దగ్గరున్న నాకు కూడా వినిపిస్తోంది. ఆదివారాలు వచ్చినప్పుడు నేను అడిగితే, "మీ బాపుకు ఎర్కే. దవాఖానకు పోదామన్నడు" అని అవ్వ చెబుతూ వచ్చింది. పక్కనే పడుకునే మనిషికి తెలియకుండా ఎట్లా ఉంటుంది అనుకున్నాం, ఆ చెవుల సంగతి తెలిసిన నేనూ, ఇరుగుపొరుగూ.

"గుమ్మం దాకా వినిపిస్తుంటే లేదంటావేందయ్యా?" అని డాక్టరు గసిరాడు. అవ్వ దిండు మీద నుంచి తల ఎత్తి, "ఆయినెకు ఎర్కే సార్, పరేశాన్ల మర్చిపోయిండు" అంది. అప్పుడు కూడా. ఊపిరాడక చస్తూ కూడా. డాక్టరుకు చిరాకేసి, తన మెడలోని స్టెతస్కోపు తీసి బాపు చెవుల్లో పెట్టి, దాని బిళ్లను అవ్వ వీపు మీద ఆనించాడు. "విను" అన్నాడు. బాపు కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు. ఏ డబ్బానూ అంతసేపు వినడం నేను చూడలేదు. తర్వాత స్టెతస్కోపు తీసి డాక్టరు చేతికిచ్చి, "ఇనవడ్డది సార్" అన్నాడు. అవ్వ ఆయన వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు.

బయట మెట్ల మీద కూర్చున్నాం. మందుల కోసం వచ్చినవాళ్లు మా పక్కనుంచే ఎక్కుతున్నారు, దిగుతున్నారు. బాపు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "గుండె కొట్టుకునుడు ఇన్న బిడ్డా. గది మంచిగనే ఉన్నది. అది తప్ప నాకేం ఇనవడలే" అన్నాడు. "నీకు ఇనవడ్డదా?" అన్నాడు. "ఇనవడ్డది బాపూ." "ఎప్పటి సంది?" "చానా దినాల సంది." ఆయన తువ్వాలు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నాకు ఇనవడదని మీ అవ్వకు ఎర్కనేనా?" అన్నాడు. తల ఊపాను. "గా వేములఘాటోళ్లు వచ్చిన్నాడు..." అని మొదలుపెట్టి ఆపేశాడు. తర్వాత, నన్ను ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, చిన్నపిల్లవాడిలా అడిగాడు. "ఎట్లుంటది బిడ్డా ఆ కూత?"

మాటల్లో ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఊపిరి పీల్చి, పళ్ల సందులోంచి సన్నగా వదిలి, అవ్వ ఛాతీ ఎట్లా పలుకుతోందో అట్లా పలికి చూపించాను. మెట్లెక్కుతున్న ఒకావిడ ఆగి మా వైపు చూసింది. బాపు నా మూతి వైపే చూస్తున్నాడు. నేను ఆపేశానని కూడా ఆయనకు తెలియలేదు. నేను పెదవులు మూసుకున్నాక గాని తెలియలేదు.

"ఇంకోసారి" అన్నాడు.